పేరు పెట్టి పిలవమన్న పెద్దామె

ఆస్ట్రియాలో రైలెక్కి కూర్చుంటూ మా ఆవిడ నాతో, "జర జరుగుండ్రి," అంది. ఎదుటి సీటులోని పెద్దామె ఉలిక్కిపడింది.

"యాడికెల్లి వచ్చిన్రు బిడ్డా?"

"అబిడ్స్ నుంచి అమ్మా."

"మాది నాంపల్లి."

ఊరి సంగతులేవీ అడగలేదు. మేం ఏది మాట్లాడినా కళ్ళు మూసుకుని విని, "ఇంకో మాట చెప్పు" అనేది. భర్త పోయాక ఆమె చెవిన తెలుగు పడలేదట.

దిగబోతూ తన పేరు చెప్పి, మా ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"ఒక్కసారి నన్ను పేరు పెట్టి పిలువు బిడ్డా. ఈడ ఎవ్వలకు నోరు తిరగదు."

అంత పెద్దామెను పేరుతో పిలవడానికి మా ఆవిడకు మనసొప్పలేదు. ఆమె దిగి నడిచిపోతుంటే మాత్రం ఉండబట్టలేక, తలుపు దగ్గరికి పరుగెత్తి పేరు పెట్టి గట్టిగా పిలిచింది.

పెద్దామె ఆగింది. వెనక్కి తిరగలేదు. మళ్ళీ పిలుస్తారేమోనన్నట్టు అలాగే నిలబడి ఉండగా రైలు తలుపులు మూసుకున్నాయి.