ఎడమ చెవి మీది చుక్క

నైలు ఒడ్డున అమూన్ గుడి కప్పు మీద పషెదు పదమూడేళ్లు చుక్కలు చూసి గంటలు చెప్పాడు. అన్నేళ్లలో తప్పింది ఒక్క రాత్రే. ఆ తప్పును కూడా ఇంకొకరి నెత్తిన రుద్దాడు.

ఆ పనికి ఇద్దరుండాలి. ఇపూయి అనే పెద్దాయన ఎదురుగా కదలకుండా కూర్చునేవాడు. పషెదు గుండు కట్టిన దారం పట్టుకుని, ఏ చుక్క ఆయన ఎడమ చెవి మీదికొచ్చింది, ఏది నడినెత్తికొచ్చింది అని చూసి కేకవేసేవాడు. ఆ కేక విని పూజారులు లేచి, పొద్దు పొడవకముందే గర్భగుడి తలుపు తీసేవాళ్లు.

పషెదుకు తొలి కొడుకు పుట్టిన వారమది. పదో గంట చెప్పాక గోడకు ఒరిగాడు. కళ్లు తెరిచేసరికి తూరుపు తెల్లబారింది. మేలుకొలుపు పాడకముందే సూర్యుడు వచ్చేశాడు.

"ఎవరి నిర్వాకమిది?" అన్నాడు పెద్ద పూజారి.

"ఇపూయి కునికిపాట్లు పడ్డాడయ్యా. తల అటూ ఇటూ వాలితే నాకు చుక్క అందలేదు."

ఇపూయి అతని వంక ఒకసారి చూసి, కూర్చున్న చాప చుట్టుకున్నాడు. ఆ రోజే ఆయన్ని గుడి బాతుల దొడ్డికి తోలేశారు.

అప్పట్నుంచి పషెదు దొడ్డి పక్క దారి మానేసి ఊరు చుట్టి ఇంటికెళ్లేవాడు.

"దగ్గర దారుండగా ఈ తిరుగుడేంటి?" అనేది భార్య.

"అటు కంపు," అనేవాడు.

నాలుగేళ్లకు ఒకనాడు కొడుకు చెయ్యి విడిపించుకుని బాతుల కోసం దొడ్లోకి పరిగెత్తాడు. వెనకాలే వెళ్తే, బిడ్డ ఇపూయి చంకలో ఉన్నాడు.

"బాబాయ్, ఆ రాత్రి నిద్రపోయింది నేను."

"తెలుసురా. నీకెదురుగానేగా కూర్చుంది."

"మరి లేపలేదేం?"

"పురిటింట్లో మూడు రాత్రులు జాగారం చేసొచ్చావు. ఒక్క కునుకు తీయనిద్దామనుకున్నా. చుక్కలు నా వీపు వెనకాల, ఎంతసేపయిందో నాకేం తెలుసు?"

"పెద్ద పూజారికైనా చెప్పాల్సింది."

"చెబితే నీ పని పోయేది. ఇంట్లో పసిగుడ్డు."

నాలుగు తిట్టుంటే పషెదు ప్రాణం తేలికపడేది. మర్నాడు వెళ్లి నిజం ఒప్పుకున్నాడు. దారం లాక్కుని అతన్నీ దొడ్డికే పంపారు. ఇపూయిని మళ్లీ కప్పు మీదికి పిలిచారు గానీ, వంగి వంగి దాణా వేసిన నడుం నిటారుగా నిలవలేదు. వారం తిరక్కుండా వెనక్కొచ్చాడు.

మధ్యాహ్నం ఆయన రొట్టె విరిచి సగం ఇస్తే పషెదు తలొంచుకునేవాడు. రొట్టె చేతిలోనే ఉండిపోయేది.

"తినరా," అనేవాడు ఇపూయి. "ఉల్లిపాయ నంజుకో."