మూడిళ్ల పొడుగు బల్లి

"నీ కోడలు గీసిన తోక నా గడప మింద పడిండాది. వచ్చి సూడు."

"తోకే కదా. తుడిస్తే పోతాది. దానికి ఈదంతా వినపడేటట్టు యాల కేకలు?"

"తుడిస్తే పోయేదానికి అది బిడ్డ ఉచ్చ పోసిన తడా? అమావాస్య పూట బల్లిని గీసి నా గుమ్మం దాకా లాక్కొచ్చినారు. సాయంత్రం ఆవు చేపలేదు. పొదుగు నొక్కినా అరసోల రాలేదు."

"గానుగ చెక్క పెట్టకుండా వట్టి గడ్డి ఏస్తే యా ఆవు చేపతాది? నాలుగు దినాల నుంచి తగ్గతానే ఉండాది. నేనే నోరు మూసుకోనుంటి."

"నా ఆవు సంగతి నాకు నేర్పద్దు. మీ ఇంటి ముందర ఈ పొద్దు దాకా ముగ్గన్నది లేదు. మీ దేవునికి ముగ్గు పనికిరాదు కదా. పెట్టక పెట్టక ఈ పొద్దే పెట్టల్లా? అదన్నా పద్మమా, చుక్కలా? బల్లి. అదన్నా పిండితోనా? బూడిదతో."

చింతపండు మూట ఇంకా నా నెత్తి మిందనే ఉండాది. వాయల్పాడు సంతకు పోయి, మదనపల్లెలో బస్సు మారి, పెట్రోలు కరువులో బొగ్గుతో నడిచే ఆ బస్సు గట్టు ఎక్కలేక నిలబడిన చోటల్లా దిగి నడిచి, పొద్దు వాలేటప్పటికి పుంగనూరు చేరినాను. మూట దించే లోపలే ఈ మాటలు. నేల వైపు చూస్తే మూడో ఇంటామె చెప్పింది నిజమే. మా అరుగు కింద తల. గోదాము ముందర మెడా, పొట్టా, నాలుగు కాళ్లూ. మూడో ఇల్లయిన ఆమె గడప మీద తోక కొస. పక్కన మూర మూరకూ ఒక అంకె.

నడిమి ఇల్లు బెల్లం గోదాము, అందులో మనుషులుండరు. ఆమెకు ఒక పొట్టి ఆవు ఉండేది, మా ఊరి జాతిదే, నిలబడితే నా నడుముకు వచ్చేది. నా మనవరాలు రెండు పూటలా తాగే పాలు ఆ ఆవువి. అందుకే నేను ఆ సాయంత్రం నాకు వచ్చిన తిట్లలో సగం కూడా తిట్టలేదు.

అది రెండో పెద్ద యుద్ధం నడిచే కాలం. నా కొడుకు కుప్పంలో బడిపంతులు. బిడ్డకు ఆరో ఏట తుంటి ఎముకకు జబ్బు తగిలితే మదనపల్లె ఆస్పత్రికి తెచ్చినారు. దొరసాని డాక్టరమ్మ నడుము నుంచి మడమ దాకా పిండికట్టు కట్టింది. ఆరు నెలలు కాలు కింద మోపకూడదు, పూటకు సోలెడు పాలు తప్పకూడదు, పాలు తప్పితే ఎముక గట్టిపడదు, బిడ్డ కుంటిదవుతుంది అని చెప్పి పంపింది. ఆస్పత్రికి దగ్గర కదా అని తల్లినీ బిడ్డనూ నా ఇంట్లో దించి కొడుకు కుప్పం పోయినాడు. మాది కిరస్తానం ఇల్లు. ఆ ఈదిలో మా చెంబులో పాలు పోసేవాళ్లు వేరే ఎవరూ లేరు. ఆమె కూడా చెంబు తగలకుండా మూరెడు ఎత్తు నుంచి పోసేది. ఎత్తు నుంచి పోస్తే పాలు పాలు కాకుండా పోవు కదా అని నేను పట్టుకొచ్చేదాన్ని.

ఇక నా కోడలు. మదనపల్లెలో పంతులమ్మ చదువు చదివిన మనిషి. నాది మూడో తరగతి. బైబిలు చదువుకునే వరకు అక్షరాలు వచ్చు, అంతకు మించి నాకు అక్కర పడలేదు. మంచానికి అతుక్కున్న బిడ్డకు చదువు రావాలంటే ఆట కావాలని ఆమె వాదం. డాక్టరమ్మ పారేసిన ఇంగ్లీషు పత్రికలో నుంచి ఒక కాగితం తెచ్చుకుంది. దాంట్లో ఒక జంతువు బొమ్మ. ముఖం, ఒళ్లు బల్లివి, ఎత్తు చూస్తే చెట్ల కొనలు మేస్తా ఉంది. దాని పేరు డైనోసారు అన్నది. మనుషులు పుట్టకముందే చచ్చిపోయినాయి, ఎముకలు రాళ్లలో దొరుకుతాయి అన్నది.

"ఆదికాండంలో యాడుండాది, చూపించు" అన్నాను.

"అన్నీ అందులోనే రాయరు అత్తా."

"రాయనిది నా ఇంట్లో యాల?"

ఆమె కాగితాన్ని బిడ్డ మంచం పక్కన గోడకు అన్నం మెతుకులతో అంటించింది. అన్నం మెతుకులతో!

ఆ పొద్దు నుంచి ఇంట్లో ఏ వస్తువూ దాని చోట ఉండలేదు. కుమ్మరామెను అడిగి బంకమట్టి తెచ్చి, కోడిగుడ్డుకు రెండింతల గుడ్లు చేసింది. ఒక్కో గుడ్డు లోపల ఒక అక్షరం రాసిన చీటీ. నీడన ఆరినాక బిడ్డ రాయితో పగలగొట్టి చీటీ చదవాలి. చదివితే పిల్ల పుట్టినట్టు, చదవకుంటే గుడ్డు మురిగినట్టు. పక్కంతా మట్టి పెళ్లలు, ఉతికేది నేను. ఆదివారం కూరలో కోడి ఎముకలు ఏరి, ఉడకబెట్టి, ఎండబెట్టి, చేటలో ఇసుక పోసి అందులో పూడ్చిపెట్టింది. బిడ్డ చీపురు ముక్కతో ఇసుక పక్కకు తోసి ఒక్కో ఎముకా బయటికి తీసి, ఇది కాలు, ఇది మెడ అని వరసగా పేర్చాలి. అది నేను బియ్యం చెరిగే చేట. ఆ తరువాత మూడు దినాలు నా పంటి కింద ఇసుక. చింతపిక్కలేమో దాని పండ్లంట. పై దవడకు పది, కింది దవడకు పది, కొమ్మ కొరికి నాలుగు ఊడిపోతే ఎన్ని మిగిలె?

"అవి కరువొస్తే దంచుకోని తినేదానికి పెట్టుకున్న పిక్కలు" అన్నాను.

"లెక్క అయినాక మళ్లీ డబ్బాలో పోస్తా అత్తా."

పోసేది. ఎంగిలివి.

ఒక దినం రాగిపిండి తడిపి, పొట్టతో మెడతో ఆ బల్లినే చేసి పెనం మీద కాలుస్తా ఉంది. నేను పెనం దించేసినాను.

"కంట్రోలు బియ్యానికి పొద్దున్నించి నిలబడి వస్తాండాము. పిండితో బొమ్మలా?"

"ముద్ద చేస్తే తినదు అత్తా. ఇట్ల చేస్తే తోక నుంచి మొదలుపెట్టి తల దాకా తింటాది."

"తినకుంటే ఆకలైనప్పుడు తింటాది. తినే పిండి ముట్టుకోని బొమ్మ చేసినావంటే నీ పెట్టె ఈదిలో ఉంటాది."

ఆ మాట ఆమె మనసులో పెట్టుకుంది. మళ్లీ పిండి ముట్టలేదు.

ఒకటి చెప్పకుంటే అబద్ధం చెప్పినట్టు అవుతుంది. మూడు నెలలకు బిడ్డకు అక్షరాలన్నీ వచ్చినాయి, గుణింతాల్లో సగం వచ్చినాయి. బడికి పోయే పిల్లలకు కూడా ఆ పాటికి రావు. ఈ సంగతి నేను కోడలికి చెప్పలేదు. చెప్తే రోలు రోకలి కూడా బల్లులకు ఇవ్వమంటుంది.

నేను సంతకు పోయిన పొద్దు జరిగింది ఇది. "అమ్మా, అది మన ఇంటంత పెద్దదా?" అని బిడ్డ అడిగిందంట. నోటితో చెప్తే అర్థం కాదని కోడలు మంచాన్ని బిడ్డతో సహా అరుగు మీదికి లాగింది. గూట్లో ఉన్న చేదతాడు తీసి, కొస బిడ్డ చేతికిచ్చి, తాను తాడు పట్టుకోని మూరలు కొలుస్తా ఈదిలో నడిచింది. నలభై మూరలు. గీయడానికి పిండి తీస్తే నేను తిడతాను. పొయ్యిలో బూడిదకు ఖర్చు లేదు. అందుకని బూడిద జల్లించి దాంతో గీసింది. అమావాస్య అని ఆమెకు తెలియదు. తాత నాటి నుంచి కిరస్తానం ఇంట్లో పుట్టిన మనిషి. ఆమెకు నెలలో ఆదివారాలు తప్ప వేరే దినాలు లేవు. అమావాస్య నాడు ఈ ఈదిలో ఏ ఇంటి ముందరా ముగ్గు పడదనీ, ఇంకొకరి గడప మీద బూడిద పడితే దాన్ని చేతబడి అంటారనీ నాకు తెలుసు. నేను పదేళ్లు వచ్చే దాకా హిందువుల ఇంట్లో పెరిగినాను. ఇంట్లో ఉండుంటే ఆపుండేదాన్ని.

ఈదిలో మళ్లీ మూడో ఇంటామె గొంతు లేచింది.

"మీరే వచ్చి తుడిచి, నీళ్లు చల్లి, నా గడప ముందర టెంకాయ కొట్టండి. కొట్టే దాకా నా ఆవు పాలు మీ చెంబులో పడవు."

"మేము టెంకాయ కొట్టమని నీకు తెలుసు."

"బల్లిని గీసేటప్పుడు మీ మతం యాడికి పోయింది? సంతకు పోయిండ్యా?"

ఈదిలో నలుగురు నవ్వినారు. నేను మూట ఎత్తుకోని లోపలికి వచ్చేసినాను.

బిడ్డ మంచం మీద నుంచి, "అవ్వా, చూస్తివా? నలభై మూరలు. అంకెలన్నీ నేనే చెప్పినా" అన్నది. తరువాత, "పాలు యాడ?" అన్నది. ఆ పూట రాగి అంబలిలో బెల్లం వేసి ఇచ్చినాను. సగం తాగి పెట్టేసింది.

కోడలు వంటింటి గుమ్మంలో నిలబడింది. ఏడుస్తా ఉంటుందని అనుకున్నాను. లేదు.

"టెంకాయ నేను కొడతా అత్తా. ఒక కాయ కదా."

"నీ మొగుడు మన చర్చి సంఘం బడిలో పంతులు. నువ్వు కాయ కొట్టిన సంగతి కుప్పానికి ఒక్క పొద్దులో చేరతాది. అది చేరిన మర్నాడు వాని పని పోతాది."

"బిడ్డ కుంటిదైతే మీ సంఘం వచ్చి చంకనేసుకోని తిప్పతాదా?"

"ఈ బుద్ధి ఈదిలో బల్లిని గీసేటప్పుడు ఉండల్ల."

"పిండి ముట్టుకుంటే పెట్టె ఈదిలో ఉంటాదని చెప్పింది మీరే కదా? పిండితో గీసుంటే ఆమె ఇంత రచ్చ చేసుండేది కాదు."

"నోరు ముయ్" అన్నాను.

"మూస్తా. పొద్దున్నే పోయి కొడతా" అని లోపలికి పోయింది. ఆమె అన్న మాట చేసే మనిషి. ఆ సంగతి నాకు ఆ మూడు నెలల్లో బాగా తెలిసింది.

పోయిన ఏడు మా సంఘంలో ఒకాయన కొత్త బండి తోలుకొచ్చి, దాని చక్రం కింద టెంకాయ కొట్టించినాడు. ఆయనకు ఆరు నెలలు చర్చిలో అందరికీ పంచే సంస్కారం రొట్టె ఇవ్వలేదు. ఆయనకు ఇవ్వకూడదని అందరి కంటే గట్టిగా మాట్లాడిన ఆడమనిషిని నేనే. బావి దగ్గర ఆయన పెండ్లాం పలకరిస్తే కూడా నేను మొహం తిప్పుకున్నాను. అందుకు నాకు ఇప్పటికీ సిగ్గు లేదు; తప్పు తప్పే. కానీ లెక్క చూసుకుంటే, కోడలు కొడితే కొడుకు పని పోతుంది, ఎవరూ కొట్టకుంటే బిడ్డ కాలు పోతుంది, నేను కొడితే రొట్టె ఒకటి పోతుంది.

మర్నాడు పొద్దున, ఆడోళ్లు వాకిళ్లు చల్లే యాళకు, కోడలు ఇంకా మొహం కడుక్కుంటా ఉండగా నేను బయటికి వచ్చినాను. అంగడి తెరిపించి ఒక టెంకాయ తెచ్చినాను. మూడో ఇంటామె గడప మీది తోకను, గోదాము ముందర ఒళ్లును ఊడ్చి, బూడిదను చేటలోకి ఎత్తుకున్నాను. గిన్నెలు తోమడానికి వస్తుంది. నీళ్లు చల్లినాను. ఆమె తలుపు దగ్గర నిలబడి చూస్తా ఉంది. కాయను గడప ముందర రాయికేసి కొట్టినాను. వంకరగా పగిలింది.

"సరిగ్గా పగల్లేదు" అన్నది.

"పగిలింది కదా. ఇదో చెంబు."

"ఒక చిప్ప తీస్కపో. సగం మీదే."

"మాకు వద్దు."

లోపలికి పోయి పాలు తెచ్చి, ఎప్పటి మాదిరే మూరెడు ఎత్తు నుంచి పోసింది. సోలకు రెండు వేళ్లు తక్కువ. పలచగా ఉండాయి.

"నీళ్లు కలిపినావు" అన్నాను.

"నీళ్లు తాగింది ఆవు, నేను కాదు" అన్నది.

తిరిగి వస్తా ఉంటే మా సంఘం పెద్దాయన ఎదురొచ్చినాడు. గడప ముందర టెంకాయ చిప్పలు చూసినాడు, నా చేతిలో చెంబు చూసినాడు.

"ఏమమ్మా, పొద్దున్నే?" అన్నాడు.

"పాలకు పోయినాను" అని చెప్పి లోపలికి వచ్చేసినాను.

పాలు కాచినాను. కోడలు గ్లాసు తెచ్చి పెట్టింది. బిడ్డ పాలు తాగింది.