కత్తన్న నోట జిగణి మాట

వీడియో గేముల్లో వీరుడి జుట్టు ఇంకా గాలికి కదలడం నేర్చుకోని రోజులవి. ఇప్పుడైతే వాడి నుదుటి మీద చెమట చుక్క కూడా కనిపిస్తోంది, ఏడిస్తే ముక్కు ఎర్రబడుతోంది. అప్పట్లో వాడి నెత్తిన జుట్టు బోర్లించిన కొబ్బరిచిప్పలా కూర్చునేది. నడిస్తే కాళ్ళు నేల మీద జారిపోయేవి. ఎవరినైనా కౌగిలించుకుంటే చేతులు అవతలివాళ్ళ వీపులో దూరి పొట్టలోంచి బయటికొచ్చేవి. (ప్రేమ ఎంత లోతైనదో చూపించడానికే అలా చేశామని ఒకసారి చెప్పి తప్పించుకున్నాం కూడా.) ఇలాంటివి తయారుచేయడమే నా మొదటి ఉద్యోగం. ఇంకా సరిగ్గా చెప్పాలంటే నా పని కట్‌సీన్లు. ఆట మధ్యలో ఆడేవాడి చేతిలోంచి పెత్తనం లాక్కుని, కాసేపు సినిమాలాగా కథ నడిపే ముక్కను కట్‌సీన్ అంటారు. అది మొదలైందంటే ఆడేవాడు లేచి వంటింట్లోకెళ్ళి మంచినీళ్ళు తాగి వస్తాడు. వాడు నీళ్ళు తాగే ఆ కాస్త సేపటిని ముస్తాబు చేయడానికి మేం నెలల తరబడి నడుములు విరగ్గొట్టుకునేవాళ్ళం.

మాది బెంగళూరు పాతపేటలో మగ్గాల కుటుంబం. ఇంటి ముందు భాగంలో మేము, వెనక భాగంలో కరెంటు మగ్గాలు. నిజానికి ఇల్లు వాటిదే, మేం అద్దెకున్నట్టు ఉండేవాళ్ళం. ఆ చప్పుడులో మాట వినబడదు, కనబడాలి. అందుకని మా ఇంట్లో అందరూ గొంతు వాడకుండా, పెదాలు పెద్దపెద్దగా తిప్పుతూ మాట్లాడుకునేవాళ్ళు. నేను మాటలు నేర్చింది చెవులతో కాదు, కళ్ళతో. ఈ విద్య పెళ్ళిళ్ళలో బాగా పనికొచ్చేది. అవతలి పంక్తిలో కూర్చున్నవాళ్ళు మన గురించి ఏమనుకుంటున్నారో ఇవతలి పంక్తికి ముందే తెలిసిపోయేది. ఇందులో మా పెద్దమ్మను మించినవాళ్ళు లేరు. మగ్గాలు ఆమె చెవుల్ని ఏనాడో తినేశాయి. అయినా ఇంట్లో ఆమెకు తెలియకుండా ఒక్క గుట్టూ నిలిచేది కాదు. ఎవరైనా జాలిపడబోతే, "చెవుడు నాకు కాదప్పా, మీకే. ఎదురింట్లో మాట్లాడేది మీకు వినపడ్తాదా? నాకు కిటికీలోంచి కనపడ్తాది" అనేది. చెవులు లేవు కాబట్టి తన గొంతు ఎంత పెద్దదో తనకు తెలియదు. ఆమె రహస్యం చెబితే వీధి మొదట్లో ఉన్న పాలబూత్‌వాడు తల తిప్పి చూసేవాడు.

ఇక మా మామ, అంటే అమ్మ తమ్ముడు. ఊరి శివార్లలో అన్నీ ఫ్యాక్టరీ షెడ్లే ఉన్న జిగణిలో, స్క్రూలు చేసే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. లోకంలో రెండు రకాల మనుషులున్నారని ఆయన నమ్మకం: జిగణిలో పని చేసేవాళ్ళు, ఇంకా జిగణికి రానివాళ్ళు. నేను రెండో రకంలో మిగిలిపోవడం ఆయనకు పెద్ద బెంగ. ఆదివారం ఆదివారం వచ్చి, కాళ్ళు కడుక్కోకముందే మొదలుపెట్టేవాడు. "బొమ్మలు ఆడించేది ఒక పనా అప్పా? తోలుబొమ్మలోళ్ళు ఎప్పటినుంచో ఆడిస్తాండారు, వాళ్ళకే గతి లేకపోతాంది. జిగణికి రా. యూనిఫారం ఇస్తారు. క్యాంటీన్లో రాగిముద్ద ఉండాది, అద్దుకునేదానికి సారు ఉండాది. ఇంకేమి కావల్ల?" చివరికి మా నాన్న మధ్యలో పడి ఒక ఒప్పందం చేశాడు. ప్రొబేషన్ అయ్యేలోగా నా కంపెనీవాళ్ళు నన్ను పర్మనెంట్ చేస్తే సరేసరి. లేదంటే నోరు మూసుకుని మామ వెంట జిగణి బస్సెక్కాలి. నాకు జిగణి మీద పగేమీ లేదు. కానీ స్క్రూకి ముఖం ఉండదు, నాకేమో ముఖాలంటే పిచ్చి.

మా కంపెనీ హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక ఇంటి పై అంతస్తులో ఉండేది. అప్పటికి ఆ లేఅవుట్‌లో ఇళ్ళకన్నా ఖాళీ సైట్లే ఎక్కువ. కింద ఇంటి ఓనరమ్మ మా మెట్ల మీదే అప్పడాలు ఎండబెట్టేది కాబట్టి ఆఫీసుకు వెళ్ళాలంటే కొంత విన్యాసం తెలిసుండాలి. మా బాసుకు మేం పెట్టుకున్న పేరు ఫీల్ సార్. ఏది చూపించినా "అంతా చెన్నాగుండాదప్పా, ఫీల్ లేదు" అనేవారు. వీరుడు చచ్చిపోయే సీను చూపించినా ఫీల్ లేదు, గుర్రం చూపించినా ఫీల్ లేదు. ఒకసారి కుర్చీ చూపిస్తే, అందులోనూ లేదన్నారు. ఫీల్ అంటే ఏమిటో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. మేమూ అడగలేదు. ప్రొబేషన్‌లో ఉన్నవాడు దేవుడి గురించైనా అడగవచ్చు గానీ బాసు మాటకు అర్థం అడగకూడదు.

ఆ ఏడాది సముద్రాల అవతలి కంపెనీ ఒకటి మాకు పెద్ద పని ఇచ్చింది. కత్తి పట్టుకుని గోడలెక్కి దూకే వీరుడి ఆట అది. వాడి అసలు పేరు మాలో ఎవరికీ నోరు తిరగలేదు కాబట్టి కత్తన్న అని పిలుచుకున్నాం. ఆట మధ్యలో పెద్ద కట్‌సీన్: కొండ అంచున కత్తన్న, ఎదురుగా వాడి బతుకును నాశనం చేసిన ముసలి రాజు. "నీ సింహాసనం నాకు దుమ్ముతో సమానం, నీ ముందు తల వంచను" అని ఏదేదో అని, రాజును లోయలోకి తోసేస్తాడు. అందులో పెదాలు కదిలించే పని నాకిచ్చారు. పెదాలు చదవడం వచ్చని నేనే ఇంటర్వ్యూలో గొప్పగా చెప్పుకున్నాను మరి. "ఈ సీన్ ఓకే అయితే నువ్వు పర్మనెంటప్పా" అన్నారు ఫీల్ సార్. నా బతుకు కత్తన్న మూతి మీద పడింది.

తీరా చూస్తే అవతలినుంచి మాటలు కాగితం మీద వచ్చాయి గానీ, నటుడి గొంతు రికార్డింగు రాలేదు. గొంతు లేకుండా పెదాలు ఎప్పుడు మూయాలో, ఎప్పుడు తెరవాలో ఎలా తెలుస్తుంది? "నువ్వే చెప్పు, అదే రికార్డు చేద్దాం. అసలుది వచ్చినాక మార్చుకుందాం" అన్నారు సార్. నేను మైకు ముందు నిలబడి ఆ ఇంగ్లీషును పాఠం అప్పజెప్పినట్టు అప్పజెప్పాను. ఏమంటారో మీకు తెలుసు. "ఫీల్ లేదప్పా! ఇంగ్లీష్ బిడు, వదిలేయ్. ఇంట్లో మాట్లాడే తెలుగులో చెప్పు. ఆ రాజును చూస్తే నీకు ఎవురిమింద కోపం వస్తాదో వాళ్ళని తలుచుకో." తలుచుకోవడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు. కళ్ళు మూసుకున్నాను. ముసలి రాజు స్థానంలో యూనిఫారంతో మామ నిలబడ్డాడు. ఆ తరవాత నా నోట్లోంచి ఏమొచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. అయిపోయాక సార్ కర్చీఫ్ తీసి కళ్ళు తుడుచుకున్నారు. "ఇది! ఇదే ఫీలు!" అన్నారు. కంపెనీ చరిత్రలో ఆ మాట బయటికొచ్చింది అదే మొదలు, అదే తుది.

ఆ ఊపులో నేను కత్తన్న మూతిని చెక్కాను. పక్కన అద్దం పెట్టుకుని, నా మూతి చూసుకుంటూ, ఒక్కో అక్షరానికీ పెదవి దించి ఎత్తి పని చేశాను. చేసింది నేను కాబట్టి వాడూ మా ఇంటి పిల్లలాగే మగ్గాల మధ్య నిలబడి మాట్లాడినట్టు పెదాలు ఇంతేసి తిప్పాడు. తీరా పని ఒప్పజెప్పే సమయానికి అసలు గొంతు ఊడిపడింది. గంభీరమైన ఇంగ్లీషు గొంతు. అది వింటూ కత్తన్న మూతి చూస్తే, ఎవరో మాట్లాడుతుంటే ఇంకెవరో భోజనం చేస్తున్నట్టుంది. పెదాలన్నీ మళ్ళీ చేయాలి సార్, అన్నాను. ఆయన సీనును ఒకసారి చూసి, "మాటల పొడుగు సరిపోయిందా? సాలు, వదిలేయ్. పెదాలు ఎవురు చూస్తారప్పా? జనం చూసేది కొండ పేలేది" అన్నారు. (ఆ కొండ పేలడానికి కారణమేమీ లేదు. ఫీల్ కోసం పేల్చాం.) రెండు రోజుల తరవాత అవతలి కంపెనీ దొర ఫోన్ చేసి, మీ వీరుడు మాట్లాడేటప్పుడు ఏమైనా నములుతున్నాడా అని మర్యాదగా అడిగాడు. "పగను నములుతున్నాడు, సార్" అని మా ఫీల్ సార్ తడుముకోకుండా జవాబిచ్చారు. వాళ్ళకూ గడువు దగ్గరపడిందేమో, సరేనన్నారు. అలాంటి ఒప్పుకోళ్ళ మీదే ఆ రోజుల్లో కళ బతికింది.

ఆట బయటికొచ్చింది. ఇంటర్నెట్‌లో ఎవరో పుణ్యాత్ముడు సమీక్ష రాస్తూ, నోట్లో వేడి బంగాళాదుంప పెట్టుకుని ప్రతిజ్ఞలు చేసే వీరుణ్ణి ఇంతవరకూ చూడలేదన్నాడు. ఆఫీసులో అందరూ నా వెనక చేరి చదివి, పొట్ట పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వకపోతే బాగుండదు కదా. ఫీల్ సార్ మాత్రం నవ్వలేదు. పర్మనెంట్ సంగతి అడిగితే, "చూద్దామప్పా" అన్నారు. ఇంత తప్పించుకునే మాట తెలుగులోనూ లేదు, కన్నడంలోనూ లేదు.

ప్రొబేషన్ ముగిసిన ఆదివారం మామ రానే వచ్చాడు. ఈసారి కాళ్ళు కడుక్కుని మరీ, స్థిమితంగా కూర్చున్నాడు. గెలిచినవాడికి తొందర ఉండదు. "రేపు పొద్దున్నే బస్సుకు రెడీగా ఉండప్పా" అన్నాడు. పోయేముందు నేను చేసిన పని ఏమిటో ఒక్కసారి ఇంట్లో అందరికీ చూపించి పోదామని నాకు రోషం పుట్టింది. డిస్కు కంప్యూటర్‌లో వేశాను. అమ్మ, నాన్న, మామ వరసగా కూర్చున్నారు. పెద్దమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది. వెనక మగ్గాలు వాటి పాట అవి పాడుతూనే ఉన్నాయి కాబట్టి ఆ గంభీరమైన ఇంగ్లీషు గొంతు ఒక్కరికీ వినబడలేదు. తెర మీద కొండ అంచు వచ్చింది, ముసలి రాజు వచ్చాడు, కత్తన్న నోరు తెరిచాడు.

"పాపా... అంటాండాడు" అంది పెద్దమ్మ, వీధి మొత్తానికీ.

పెద్దమ్మకు ఇంగ్లీషు ఏమి అర్థమవుతుందిలే అని నేను నవ్వుకున్నాను. పైన ఇంగ్లీషు గొంతు పడ్డాక నా తెలుగు మాసిపోయిందనే అనుకుంటున్నాను, తెలివితక్కువవాణ్ణి. పెదాలకు పైన పడే గొంతుతో పనేమిటి?

"కాదు, కాదు. మామా... అంటాండాడు." (ప, బ, మ మూడింటికీ పెదాలు ఒకలాగే మూసుకుంటాయి. ఈ విద్యలో ఉన్న చిక్కంతా అదే.) ఆమె తెరకు ఇంకాస్త దగ్గరగా జరిగింది. "మామా, నీ జిగణికీ... నీ ఫ్యాక్టరీకీ... ఒక దండం. నేను రాను, పో. నీ ముద్దా సారూ నువ్వే తిను. నాకు... ఈ బొమ్మలే కావల్ల. ఈ పని పోతే నేను... నేను సచ్చిపోయినట్టే, మామా."

సరిగ్గా అక్కడ కత్తన్న రాజును లోయలోకి తోసేశాడు. కొండ పేలింది.

నేను కంప్యూటర్ టేబుల్ కింద ఎంత చోటుందో అంచనా వేస్తున్నాను. మామ తెరకేసి చూసి, నాకేసి చూసి అడిగాడు. "అంటే... ఆ ముసలోడు నేనేనా?"

సమాధానం పెద్దమ్మే చెప్పింది. "ఎవుడైతే ఏమప్పా! పిల్లోడు ఎంత నీటుగా మాట్లాడించినాడు చూడు. టీవీలో ఇన్ని సినిమాలు చూస్తాండా, సగం మాటలు తెలియవు. దీంట్లో నాకు ఒక్క మాట తప్పిపోలేదు."

మామ లేచాడు. చెప్పులు వేసుకున్నాడు. కోపంగా వెళ్ళిపోతాడనుకున్నాను. గుమ్మం దగ్గర ఆగి, మగ్గాల చప్పుడులో మేం మాట్లాడుకునే పద్ధతిలో, గొంతు లేకుండా పెదాలు మాత్రం కదిపాడు: "నోటితో చెప్పుంటే నేను వినకపోదునా, అప్పా?" అమ్మకు కనబడలేదు. నాకు కనబడింది. బదులు చెబుదామని నోరు తెరిచాను గానీ, వేడి బంగాళాదుంప నా నోట్లోనే ఉంది.

ఆ తరవాత ఎవరూ నన్ను జిగణికి రమ్మనలేదు. ఫీల్ సార్ కంపెనీ నన్ను పర్మనెంట్ చేసేలోపే తాను తాత్కాలికమని తేల్చుకుని మూతపడింది. నేను ఇంకో చోట చేరాను, ఇప్పటికీ ఈ పనిలోనే ఉన్నాను. నా నెత్తిన జుట్టు పలచబడింది, ఆటల్లో వీరులకు ఒత్తుగా పెరిగింది. ఇప్పుడు నటుల ముఖాల మీద చుక్కలు అతికించి, తలకు కెమెరా కట్టి, మూతి వణుకు కూడా ఉన్నదున్నట్టు పట్టుకుంటున్నాం. ఇంత చేసినా, కట్‌సీన్ రాగానే ఆడేవాడు మంచినీళ్ళకే లేస్తున్నాడు. పోయిన నెల మా తాజా వీరుణ్ణి పెద్దమ్మకు చూపించాను. శ్రద్ధగా చూసింది. "బాగుండాడప్పా, నిజం మనిషి మాదిరే ఉండాడు" అని, కాసేపాగి, "ఏమి చెప్తాండాడో మాత్రం తెలియలేదు. నీ పాతోడే మేలు" అంది.

ఒక్క సంగతి మిగిలింది. ఆ నటులు గెంతడానికి, దూకడానికి ఎత్తైన కప్పున్న పెద్ద షెడ్డు కావాలి, అది తక్కువ అద్దెకు దొరకాలి. అలాంటిది దొరికింది. రోజూ పొద్దున్నే కంపెనీ బస్సెక్కి అక్కడికే పోతున్నాను. రిటైరైన మామ ఒక్కోరోజు బస్‌స్టాపులో ఎదురుపడతాడు, చేతిలో పాలప్యాకెట్టుతో. బస్సు కదిలేటప్పుడు కిటికీ అవతలినుంచి పెదాలు పెద్దగా తిప్పుతూ అడుగుతాడు: "యాడికప్పా?"

నేనూ లోపలినుంచి, ఒక్కో అక్షరానికీ పెదవి దించి ఎత్తి, ఒక్క మాట తప్పిపోకుండా చెబుతాను: "జిగణికి, మామా."