నాడీ మూలకణం, నా నక్షత్రం

హన్మకొండలో మా ఇంటికి పెళ్లిచూపులకు వచ్చిన అబ్బాయి తల్లి, "ఏం చదువుతానవ్ బిడ్డా?" అని అడిగింది.

పొంగిపోయి చెప్పాను. "నాడీ మూలకణాల మీద రీసెర్చ్ ఆంటీ. పిండం మెదడులో ఆ ఒక్క రకం కణమే విడిపోతూ, ముందు కబురు మోసే కణాలను, తర్వాత వాటిని సాకే కణాలను పుట్టిస్తది."

ఆమె చెవిన పడింది నాడి, మూల అన్న రెండు ముక్కలే. జాతకాల్లో చూసేవీ అవే కదా. "మూల నక్షత్రమా? మామకు గండమంటరు! ముందుగాల చెప్పొద్దా?" అంటూ లేచింది.

నాకు ఒళ్లు మండింది. అంతకన్నా మండించింది మా అమ్మ.

"అయ్యో వదినా, కూసోండ్రి! మా పిల్లది రోహిణి. మూల అంటే ఆమె చదువు, అంతే. ఏం ఫికర్ చెయ్యకుండ్రి," అంటూ జాతకం తెచ్చి చూపించింది.

ఆమె మళ్ళీ కూర్చుని మిర్చి బజ్జీ అందుకుంది. ఐదేళ్ల నా చదువుకు దక్కిన మర్యాద, అది నక్షత్రం కాదని తేలడమే! పిండంలోని ఆ కణానికైనా ఏమవ్వాలో తేలడానికి వారాల గడువుంటుంది. ఆడపిల్లకు పుట్టిన గడియలోనే తేల్చేస్తారు.

"అమ్మ అబద్ధం చెప్తాంది ఆంటీ. నాది మూలనే," అని ఆమె ముందున్న ప్లేటు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను.