నాగరాజప్పగారింటి గాజుతొట్టి

కరోనా తగ్గిన మరుసటి వేసవిలో నన్ను ధర్మవరానికి మత్స్య అభివృద్ధి అధికారిగా బదిలీ చేశారు. ఉద్యోగంలో అదే నా చివరి మజిలీ. ఇల్లు పెనుకొండలో, రోజూ బస్సు ప్రయాణం. బుక్కపట్నం చెరువు లాంటి పెద్ద చెరువుల్లో ఏ రకం చేపపిల్లల్ని ఎన్ని వదలాలో లెక్కకట్టడం, వదిలే రోజున గట్టు మీద నిలబడి సంచులు లెక్కపెట్టించడం నా పని. హాల్లో పెంచే రంగుచేపలకూ నా ఉద్యోగానికీ సంబంధం లేదు. అయినా ఊళ్ళో ఎవరింట్లో చేప నలతగా ఉన్నా ‘చేపల ఆఫీసరు’కే కబురు వచ్చేది.

అలాగే ఒకరోజు నాగరాజప్పగారు వచ్చారు. ఆయన పట్టుచీరల వ్యాపారి. కింద కొట్టు, దాని మీదే కొత్తగా కట్టిన ఇల్లు. ‘మా కొట్లో కల్తీ దారం ఒక్క పోగు కూడా ఉండదు’ అని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించుకున్న మనిషి. ఆ మాట మీదే వ్యాపారం నడిచేది. గృహప్రవేశానికి హాల్లో ఆరడుగుల చేపల తొట్టి ఉండాలని ఆయన కోరిక. అది గాజుదా, గాజులాగే కనపడే ప్లాస్టిక్ రకం అక్రిలిక్‌దా అన్నది సమస్య. వెంట వచ్చిన బావమరిది మంజునాథకు మాత్రం అందులో సమస్యేమీ కనపడలేదు. హిందూపురం మనిషి కావడంతో బెంగళూరులో దొరికే ప్రతి వస్తువు మీదా అతనికి భక్తి.

“అక్రిలిక్కే తెద్దాం బావా. దుడ్లు పోతే పోనీ. మెట్ల మీద గాజు పగిలితే అపశకునం,” అన్నాడు.

నాకు తెలిసింది చెప్పాను. అంత తొట్టిలో అసలు బరువు నీళ్ళది. రాళ్ళూ ఇసుకా కలిపితే టన్ను దాటుతుంది. గాజైనా అక్రిలికైనా ముందు కింద దూలం ఎక్కడుందో చూసుకోవాలి. అక్రిలిక్ తేలిక, దెబ్బకు ఓర్చుకుంటుంది, కానీ గోరు గట్టిగా గీసినా గీత పడుతుంది. గాజు బరువే గానీ గీతలకు అంత తొందరగా లొంగదు. నలుగురూ వచ్చిపోయే ఇల్లు గనక గాజే మేలు. పలకలుగా పైకి చేర్చి, అక్కడే సిలికాన్‌తో అతికించి, అది బాగా ఆరేదాకా ఆగాలి.

ఆగడానికి ముహూర్తం ఒప్పుకోలేదు. అక్రిలిక్ తొట్టే వచ్చింది. అంతవరకూ బాగానే ఉంది. కానీ నాగరాజప్పగారికి కొత్త బెంగ పట్టుకుంది. కొట్టు మీద కల్తీ లేదని బోర్డు, కొట్టుకు పైన ప్లాస్టిక్ తొట్టి! జనం ఏమనుకుంటారు? నన్ను పక్కకు పిలిచి, “ఎవరన్నా అడిగితే గాజేనని చెప్పండి సార్,” అన్నారు. రాతపూర్వక ఉత్తర్వు లేనిదే అబద్ధమాడే అలవాటు నాకు లేదని చెప్పాను. ఆయన నవ్వలేదు. తానే చెప్పుకోవడం మొదలుపెట్టారు. గృహప్రవేశం నాటికి అది జర్మనీ గాజు అయింది.

బత్తలపల్లి నుంచి, తాడిమర్రి నుంచి చుట్టాలొచ్చారు. సగంమంది చీరల వ్యాపారంలో ఉన్నవాళ్ళే. ఆ వ్యాపారంలో కంటితో చూసి ఎవరూ సరుకు నమ్మరు. జరీని గోటితో గీస్తారు, దారం పోగు తీసి కాలుస్తారు. అసలు పట్టయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది.

మొదటాయన తొట్టిని వేలితో కొట్టి చూసి భోజనానికి వెళ్ళాడు. రెండో ఆయన గోటితో గీశాడు. తర్వాతి వాళ్ళు ఉంగరాలతో. అందరూ మర్యాదస్తులే కాబట్టి ఒకరు గీసిన చోట మరొకరు గీయకుండా పక్కన గీశారు. రెండో బంతి లేచేసరికి చేపలు మంచులో తిరుగుతున్నట్టు కనపడ్డాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. మంజునాథ మాత్రం జర్మనీ గాజు మెత్తగా ఉంటుందని అందరికీ వివరిస్తున్నాడు.

చివరికి నాగరాజప్పగారి పెదనాయన వచ్చారు. ఆ బజారులో అందరికన్నా పాత వ్యాపారి.

“ఏమప్పా నాగరాజా, ఇది గాజేనా?”

“గాజే పెదనాయనా.”

“అట్లయితే నిప్పుకు భయం ల్యా.”

ఆయన జేబులోంచి అగ్గిపెట్టె తీసి, నీళ్ళకు పైనున్న అంచు దగ్గర పుల్ల వెలిగించి పట్టుకున్నారు. అంచు నల్లబడి బుడగలు లేచాయి. వాసన హాలంతా పాకింది. అది వెంట్రుక వాసన కాదు. అక్కడున్నవాళ్ళ ముక్కులకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. పెదనాయన పుల్ల ఆర్పేసి, “ఇంగ పాయసం ఉండాదా?” అని అడిగారు. నాగరాజప్పగారి ముఖం చూసి నాకు నిజంగా జాలి వేసింది.

మర్నాటి నుంచి కొట్టుకు వచ్చినవాళ్ళు అగ్గిపెట్టెలు తెచ్చుకున్నారు. ఇరవై ఏళ్ళుగా ఆయన దగ్గరే కొంటున్నవాళ్ళు కూడా పోగు లాగి కాల్చి చూశాకే బేరం మొదలుపెట్టారు. ప్రతి పోగు నుంచీ వెంట్రుక వాసనే వచ్చింది. ఆయన అమ్మేది అసలు పట్టే. అయినా నేను పదవీ విరమణ చేసే నాటికి కూడా ఆ కొట్లో దారాలు కాలుతూనే ఉన్నాయి.

ఇప్పటికీ గాజు మంచిదా, అక్రిలిక్ మంచిదా అని నన్ను అడుగుతుంటారు. రెండూ మంచివే. ఏది పెట్టుకున్నారో దాని పేరే చెప్పమంటాను.