భూమన్నతో నడిచిన లైను

నిన్న కామారెడ్డి బస్టాండు దగ్గర మోటార్లు చుట్టే దుకాణం ముందు నడుస్తుంటే కాలిన వైండింగు వాసన గుప్పుమంది. ఒకప్పుడు అది మా ఇంటి వాసన. ఎల్లారెడ్డి దగ్గర మా ఊరు కరెంటు లైనుకు చిట్టచివర ఉంది. సబ్‌స్టేషన్‌లో బయలుదేరిన వోల్టేజి బోరు బోరుకూ తగ్గుతూ మా దాకా వచ్చేసరికి నీరసించేది. మోటార్లు మూలిగి మూలిగి కాలిపోయేవి. పొట్టకొచ్చిన వరి కళ్లముందే ఎండేది.

అలాంటప్పుడు మా మహిళా సంఘానికి సోలార్ ప్లాంటు మంజూరైంది. దాని కరెంటు ఇదే లైనులో కలుస్తుంది. ఎక్కడ పెట్టాలో, ఎంత పెద్దది పెట్టాలో మేమే చెప్పాలి. ఒకసారి పెడితే మళ్లీ కదిలించలేం. అధ్యక్షురాలు లక్ష్మక్క సబ్‌స్టేషన్ ఎదుట రోడ్డు పక్కన జాగా చూసింది. "వచ్చిపోయేటోళ్లకు కనవడాలె గదా!" అంది.

బడి పదో తరగతితోనే ఆపినా, కామారెడ్డి గ్రంథాలయంలో విద్యుత్తు పుస్తకాలన్నీ చదివానన్న గర్వం నాది. లెక్కలు వేశాను: సబ్‌స్టేషన్ దగ్గర పెడితే మా దాకా బలం రాదు; ప్లాంటు లైను చివర, మా పొలాల దగ్గర, వీలైనంత పెద్దది. నోటుబుక్కు తీసుకెళ్లి రిటైరైన లైన్ ఇన్‌స్పెక్టర్ భూమన్నకు చూపించాను. ఆయన ఒక్క గీతా వదలకుండా చదివాడు.

"మంచిగ రాసినవ్ చెల్లె. గని ఇది మోటర్లన్నీ నడిచే దినం లెక్క. వాన వడ్డ తెల్లారి ఎండ గొడితే ఎవలన్న మోటర్ వేస్తరా?"

"వెయ్యరన్నా."

"మరి గంత కరెంటు యాడికి పోతది? వెనక్కి తంతది. వోల్టేజి పెరిగి ఇండ్లల్ల టీవీలు పటేల్‌మంటయి. పొలం బతికిచ్చి ఇండ్లు కాలవెడ్తవా ఏంది?"

నా మొహం చూసి నవ్వాడు. "గా పాఠం గుడ నీ పుస్తకంల ఉంటది. జర మళ్ల పోయి సూడు."

నిజంగానే ఉంది. కష్టంగా ఉందని నేను దాటేసిన అధ్యాయం అది.

దాన్ని మూడుసార్లు చదివి వచ్చాక, ఇద్దరం లైను వెంట నడిచాం. ఆయన చేతిలో మీటరు, నా చేతిలో నోటుబుక్కు. ప్రతి స్టార్టరు డబ్బా దగ్గరా రెండు రకాల రోజుల్లో కొలిచాం: అన్ని మోటార్లూ నడిచే రోజు, ఒక్కటీ నడవని రోజు. సరైన చోటు చివర కాదు, అంతకు కొంచెం ముందు, పిల్లకాలువ దాటాక ఉన్న మెట్ట చెలకలో దొరికింది. ప్లాంటు నేను రాసినదానిలో సగం చాలు.

"గింత చిన్నదా? నలుగురు నవ్వుతరు!" అంది లక్ష్మక్క సంఘం మీటింగులో. నేను భూమన్న వైపు చూశాను. ఆయన వెనక వరసలో కూర్చుని పైకప్పు చూస్తున్నాడు. నోటుబుక్కు తెరిచి నేనే అంతా వివరించాను. చివరికి లక్ష్మక్క చెయ్యెత్తింది. "సరె తియ్. మోటర్ కాలిందనుకో, నీతోనే చుట్టిపిస్త!"

ప్లాంటు మొదలైన యాసంగి మధ్యాహ్నం, అందరి మోటార్లూ నడుస్తుండగా, లైనులో ఆఖరి బోరు బటన్ నొక్కాను. మూలుగు లేదు. పైపు నిండా నీళ్లు దుమికాయి. లక్ష్మక్క ఈల వేసింది. వానాకాలం వచ్చింది, మోటార్లు ఆగాయి, ఎండ కాసింది. ఏ ఇంట్లోనూ ఒక్క బల్బు కూడా పోలేదు.

భూమన్న ఇప్పుడు లేడు. పిట్లం వైపు సంఘాల వాళ్లు సలహాకు నా దగ్గరికే వస్తున్నారు. ఏ లెక్కయినా అందంగా కుదిరిందని సంబరపడినప్పుడు, అది కుదరని రోజు ఏదో వెతుకుతాను. దొరికితే దిగులుపడను. గ్రంథాలయానికి బస్సెక్కుతాను.