నరసింగరావు బావ క్వాంటం పేపరు

మా నరసింగరావు బావ ఎస్.కోట డిపోలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. రిటైరైనవాళ్లు ఎవరైనా నాలుగు మామిడి మొక్కలు నాటుకుంటారు, లేదంటే పేకాటలో పడతారు. ఈయన విజయనగరం వెళ్లి ఎమ్మెస్సీ ఫిజిక్సులో చేరాడు. మనవల ఈడు పిల్లల మధ్య చదువు. రోజూ తను తిరిగిన ఆ రూటు బస్సులోనే ప్రయాణం, ఈసారి సీట్లో కూర్చుని.

నేనాయన బావమరిదిని. నువ్వుచేను, జీడితోట తప్ప నాకింకో లోకం లేదు. "ఈ వయసులో నీకీ పిచ్చేటి బావా?" అని ముఖం మీదే అడిగాను.

ఆయన కోప్పడలేదు. డిగ్రీ చదివే రోజుల్లో ల్యాబులో హైడ్రోజన్ దీపం వెలుగును గాజుపట్టకంలోంచి చూశాడట. చీకట్లో విడివిడిగా రంగు గీతలు కనిపించాయట. అవి అక్కడే ఎందుకు పడ్డాయని అడిగితే, పై చదువులో చెబుతారన్నారట. డిగ్రీ అయిన ఏడే వాళ్ల నాన్న పోయాడు. పై చదువు ఆగిపోయింది, చేతికి టిక్కెట్ల సంచి వచ్చింది.

"సెప్తామన్నారు గదరా. ఇనడానికి ఎల్తన్నాను" అన్నాడు.

మిగతా పేపర్లన్నీ గట్టెక్కాయి. క్వాంటం మెకానిక్స్ ఒక్కటే పట్టి పీడించింది. రాసిన ప్రతిసారీ తప్పాడు. ఆయనతో చదివిన గరివిడి పిల్ల అరుణశ్రీ ఒకరోజు ఇంటికే వచ్చి అసలు సంగతి చెప్పింది.

"మావయ్యకి మాకన్నా బాగా వస్తాది. కానీ ఒక ప్రశ్న మీద కూకుంటే అది తేలేదాకా లెగడు. బెల్లు కొట్టేసరికి మిగతాయన్నీ తెల్లకాగితాలే."

మా అక్క సుభద్రమ్మ నవ్వింది. నాకు ఒళ్లు మండింది. ఆ రోగం నాకు తెలుసు. డ్యూటీలో ఉండగా ఎక్కినవాళ్లందరికీ టిక్కెట్లు కొట్టడం పూర్తయ్యేదాకా ఆయన బస్సును స్టేజీ దాటనిచ్చేవాడు కాదు. జామి దగ్గర రోడ్డు పక్కన నిలబెట్టించి, జనం తిట్టిపోస్తున్నా చివరి సీటు దాకా వెళ్లొచ్చాకే "రైట్" అనేవాడు. సర్వీసు మొత్తం మీద ఒక్కణ్ణి వదల్లేదు.

ఇక ఒకే ఒక్క అవకాశం మిగిలింది. ఈసారి తప్పితే మళ్లీ రాయనివ్వరు, చదివిందంతా వృథా. "పోన్లే, మానీ బావా" అన్నాను. "మానను" అన్నాడు.

అయితే సరేనని నేనూ పట్టుబట్టాను. పొలం పని అయ్యాక సాయంత్రం వాళ్ల అరుగు మీద గడియారం పట్టుకుని కూర్చునేవాణ్ణి. ఒక్కో ప్రశ్నకు అరగంట. అది కాగానే "రైట్ రైట్" అని అరిచేవాణ్ణి. తప్పైనా ఒప్పైనా ఆయన ఆ లెక్క వదిలేసి తర్వాతిది మొదలుపెట్టాలి. మొదట్లో చచ్చినా వినలేదు.

"ఉండరా, ఇంకొక్కడున్నాడు."

"ఆడ్ని ఒగ్గీ బావా. ఎనకాల బస్సు నిండా జనం ఉన్నారు."

"ఎలాగొగ్గెస్తాను? ఎక్కించుకున్నది నాను కాదేటి?"

కలం లాక్కున్న రోజులున్నాయి. ఆయన నాతో మాట మానేసిన రోజులూ ఉన్నాయి. అయినా మర్నాడు నేను వెళ్లేసరికి గడియారం అరుగు మీద పెట్టి ఉంచేవాడు. అలా అలా దారికొచ్చాడు.

పరీక్ష నాడు నేనూ విజయనగరం వెళ్లాను. ఒక్క ముక్క అర్థం కాని ఆ చదువు కోసం గేటు బయట ఎండలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. బావ బయటికొచ్చాడు. మొహం మాడిపోయి ఉంది.

"పోనాదేటి?"

"లేదురా, మిగతాయన్నీ రాసినాను. హైడ్రోజన్ని విద్యుత్ క్షేత్రంలో పెడితే ఆ గీతలు ఎలాగ సీలతాయో అడిగినారు. నా గీతలేరా. మధ్యలో లెక్క తేడా వచ్చినాది. నీ కేక సెవిలో ఇనబడినాది. ఒగ్గీసి ముందుకెళిపోనాను."

ఎస్.కోట చేరేదాకా ముందు సీటు వెనక వేలితో ఆ లెక్కే గీస్తూ కూర్చున్నాడు. ఆ మొహం చూస్తుంటే నేనే ఏదో తప్పు చేయించినట్టు అనిపించింది.

ఫలితాలు వచ్చాయి. పాసయ్యాడని అరుణశ్రీ ఫోను చేసి చెప్పింది. అక్క ఏడ్చేసింది. నేను కోడి కోయించి, నేనే పాసైనట్టు వీధంతా చెప్పుకుని వచ్చాను. వచ్చేసరికి విస్తళ్లు వేసి ఉన్నాయి, బావ మాత్రం పీట మీద లేడు. అరుగు మీద కాగితాలు పరుచుకుని కూర్చున్నాడు. పరీక్షలో వదిలేసిన లెక్కే.

"పాసైపోనావు గదా బావా, ఇంకా ఏటిది? రైట్ రైట్. కూడు సల్లారిపోతాది."

ఆయన తలెత్తలేదు.

"నాను ఒగ్గీసినోడు ఇంకా రోడ్డు మీదే ఉన్నాడురా. ఎళ్లి తెచ్చుకోవాల."

గడియారం తీసి జేబులో వేసుకున్నాను.

"అక్కా, కూడు మీద మూతెట్టీ. బావ లేటుగా వస్తాడు."